మిల్లు ఆఫీసుకు సొంత సర్వర్: ఓపెన్ స్టాండర్డ్స్‌తో నెట్‌వర్క్ సేవలు పెట్టుకునే పద్ధతి

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లు ఆఫీసుల్లో పది పన్నెండు కంప్యూటర్లు ఉండటం ఇప్పుడు మామూలే. గేటు దగ్గర కాంటా గదిలో ఒకటి, అకౌంట్స్‌లో మూడు నాలుగు, గోదాములో ఒకటి, సేటు క్యాబిన్‌లో ఒకటి, రెండు మూడు ప్రింటర్లు, వీటికి తోడు అందరి ఫోన్లు. వీటన్నిటికీ అడ్రసులు ఇవ్వడానికి, టైమ్ చెప్పడానికి, ఫైళ్లు ఒకచోట దాచడానికి, ప్రింట్లు పంపడానికి మధ్యలో ఒక సర్వర్ కావాలి. ఆ సర్వర్‌ని మొదటి నుంచి చివరిదాకా ఎలా నిలబెట్టాలో ఇందులో రాస్తున్నాను. జడ్చర్లలో జిన్నింగ్ మిల్లయినా, నల్లగొండలో స్కూలయినా, మహబూబ్‌నగర్‌లో డయాగ్నస్టిక్ సెంటరయినా పని ఇదే. కంప్యూటర్ల లెక్కే మారుతుంది.

ఈ పనిలో నేను ఒక్క ప్రశ్నను వదలను. ఏ సేవ పెట్టినా, "రేపు దీని స్థానంలో వేరే కంపెనీది పెడితే మిగతావాళ్ల పని ఆగకుండా నడుస్తుందా?" అని అడుగుతాను. అవును అనే జవాబు వస్తేనే ముందుకు వెళ్తాను. ఎందుకంటే వడ్లు దిగే సీజన్‌లో లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి. అప్పుడు ఏదైనా చెడిపోతే హైదరాబాద్ నుంచి ఫలానా కంపెనీ మనిషే రావాలంటే కుదరదు. నెట్‌వర్కింగ్ నేర్చుకున్న మన ఊరి పిల్లగాడు ఎవరైనా వచ్చి బాగు చేయగలగాలి. నాకు తెలిసిన ఒక మిల్లులో కాంటా సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు వ్యాపారం మూసేసి వెళ్లిపోయారు. పాత సీజన్ల బరువులన్నీ ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లోనే ఉండిపోయాయి. గుమాస్తాలు రసీదు పుస్తకాలు ముందేసుకుని అంకెలన్నీ మళ్లీ టైప్ చేశారు. లెక్క వాళ్లది, కష్టం వాళ్లది, తాళం చెవి మాత్రం వేరేవాళ్ల దగ్గర!

ఓపెన్ స్టాండర్డ్ అంటే

రెండు మెషీన్లు ఏ భాషలో, ఏ వరుసలో మాట్లాడుకోవాలో రాసి, ఎవరైనా చదువుకునేలా, ఎవరైనా దాని ప్రకారం తయారు చేసుకునేలా బయటపెట్టిన పత్రం ఓపెన్ స్టాండర్డ్. ఇంటర్నెట్‌కు సంబంధించినవి ఎక్కువగా ఆర్ఎఫ్‌సీ అనే వరుస నంబర్లతో వస్తాయి. మొదటి ఆర్ఎఫ్‌సీని 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ రాశాడు. ఇప్పుడు ఎక్కువగా ఐఈటీఎఫ్ అనే సంస్థ ఆధ్వర్యంలో వస్తున్నాయి. నెట్‌లో పైసా కట్టకుండా చదువుకోవచ్చు. పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్‌కు పునాది 1987లో పాల్ మొకపెట్రిస్ రాసిన 1034, 1035 నంబర్ల పత్రాలు. మీ జేబులోని ఫోన్ ఇప్పటికీ ఆ పద్ధతిలోనే అడుగుతోంది.

ఓపెన్ సోర్స్ (ప్రోగ్రామ్ లోపలి రాతను అందరికీ తెరిచిపెట్టడం) వేరు, ఓపెన్ స్టాండర్డ్ వేరు. విండోస్ సర్వర్ ఓపెన్ సోర్స్ కాదు, కానీ అది ఇచ్చే డీఎన్ఎస్, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సేవలు స్టాండర్డ్ ప్రకారమే నడుస్తాయి. ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో కూడా దానికొక్కదానికే అర్థమయ్యే ఫైల్ ఫార్మాట్ ఉండొచ్చు. మనం చూడాల్సింది ప్రోగ్రామ్ లోపల ఏముందని కాదు, బయటికి ఏ భాషలో మాట్లాడుతుందని. ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ స్టాండర్డ్స్ వాడాలని భారత ప్రభుత్వం 2010లోనే విధానం ప్రకటించింది.

మొదటి అడుగు: మెషీన్, చోటు

పాత ఆఫీసు కంప్యూటరయినా చాలు. 8 జీబీ ర్యామ్, ఒకే సైజు డిస్కులు రెండు ఉంటే ఇంత ఆఫీసుకు దండిగా సరిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ప్రాసెసర్ మీద కాదు, డిస్కుల మీద, యూపీఎస్ మీద.

చోటు విషయంలో మిల్లుల్లో అసలు శత్రువు దుమ్ము. ఊక, తవుడు గాలిలో కలిసి వచ్చి ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ సందుల్లో పేరుకుపోతుంది. మే నెల ఎండల్లో అలాంటి మెషీన్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు అందరూ సాఫ్ట్‌వేర్‌ని అనుమానిస్తారు. సర్వర్‌ని మిల్లింగ్ వైపు గోడకు దూరంగా, నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి. నెలకోసారి స్విచ్ ఆపి బ్లోయర్ కొట్టించండి.

ఇంకొకటి కేబుల్. రాగి ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్లకు మించి లాగకూడదు. కాంటా గది గేటు దగ్గర, ఆఫీసు లోపల ఉంటాయి కాబట్టి చాలా మిల్లుల్లో ఈ దూరం దాటిపోతుంది. అక్కడ ఫైబర్ వేయండి. దూరం తక్కువున్నా సరే, ఆరుబయట పోయే కేబుల్‌కు ఫైబరే మేలు. గాలిదుమారం రోజున పిడుగు పక్కన పడితే రాగి తీగ ఆ దెబ్బను నేరుగా స్విచ్‌లోకి, సర్వర్‌లోకి మోసుకొస్తుంది. ఫైబర్‌లో కరెంటు పోదు. ఈథర్నెట్ కూడా ఐఈఈఈ 802.3 అనే స్టాండర్డే కాబట్టి రెండు చివర్ల పెట్టే కన్వర్టర్లు ఏ కంపెనీవైనా, ఒకే రకం ఫైబర్‌కు, ఒకే వేగానికి సరిపోయేవైతే చాలు.

రెండో అడుగు: ఆపరేటింగ్ సిస్టమ్

నేను లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ వాడతాను. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్, ట్రిక్సీ, తీసుకోండి. చిన్న నెట్ ఇన్‌స్టాల్ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేయండి. డిస్కుల దగ్గర రెండింటినీ రెయిడ్-1గా (ఒకదాని నకలు రెండోదానిలో ఉండేలా) కలపండి, ఒకటి పోయినా రెండోదానితో నడుస్తుంది. ఏమేం ఇన్‌స్టాల్ చేయాలని అడిగే పేజీలో డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), స్టాండర్డ్ యుటిలిటీస్ మాత్రమే ఉంచండి. సర్వర్‌లో లేని ప్రోగ్రామ్ చెడిపోదు, దానికి సెక్యూరిటీ అప్‌డేట్ కూడా అక్కర్లేదు.

ఇక్కడి నుంచి కమాండ్లను, సెట్టింగ్ పేర్లను పలికే తీరులో రాస్తాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ప్రతి సెట్టింగ్ ఫైల్‌ని ముట్టుకునే ముందు దాని నకలు ఒకటి తీసి పెట్టుకోండి.

మూడో అడుగు: అడ్రసులు, పేర్లు

ముందు కాగితం మీద ప్లాన్ గీయండి. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌ల కోసం 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 కొన్ని అడ్రసులు కేటాయించింది. అందులోంచి 192.168.10.0 వరుస తీసుకుందాం. రౌటర్‌కు 192.168.10.1, సర్వర్‌కు 192.168.10.2. ప్రింటర్లు, కాంటా కంప్యూటర్, కెమెరాల వంటి కదలని వాటికి 10 నుంచి 50 లోపు. వచ్చిపోయే ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు 100 నుంచి 199 దాకా. సర్వర్ అడ్రసుని ఈటీసీ ఫోల్డర్‌లోని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో స్థిరంగా రాయండి.

అడ్రసులు పంచే పని డీహెచ్‌సీపీది, పేర్లు చెప్పే పని డీఎన్ఎస్‌ది. ఇంత ఆఫీసుకు రెండూ కలిపి చేసే డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్ బాగుంటుంది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డీఎన్ఎస్‌మాస్క్ అని కొట్టి, తర్వాత డీఎన్ఎస్‌మాస్క్.డి ఫోల్డర్‌లో మిల్.కాన్ఫ్ అనే కొత్త ఫైల్ తెరవండి. అందులో రాయాల్సినవి ఇవి.

డీహెచ్‌సీపీ-రేంజ్ అనే లైన్‌లో మొదటి అడ్రసు 192.168.10.100, చివరిది 192.168.10.199, గడువు 12 గంటలు. ఇంటర్‌ఫేస్ అనే లైన్‌లో మీ నెట్‌వర్క్ కార్డు పేరు, అది ఐపీ ఎ అనే కమాండ్ కొడితే కనబడుతుంది. నో-రిసాల్వ్ అని ఒక లైన్, బయటి పేర్లకు ఎవరిని అడగాలో చెబుతూ సర్వర్=1.1.1.1 అని ఇంకో లైన్. కదలని మెషీన్లకు డీహెచ్‌సీపీ-హోస్ట్ అనే లైన్‌లో దాని మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డుకు కంపెనీ ఇచ్చిన నంబరు), పేరు, ఇవ్వాల్సిన ఐపీ. మ్యాక్ అడ్రసు చాలా ప్రింటర్ల వెనక స్టిక్కర్ మీదే ఉంటుంది.

ఇప్పుడు చాలామంది ఇరుక్కునే చోటు. మనం ఏమీ చెప్పకపోతే డీఎన్ఎస్‌మాస్క్ గేట్‌వేగా (బయటి నెట్‌కు దారిగా) తన సొంత అడ్రసే అందరికీ ఇస్తుంది. మన ఆఫీసులో ఇంటర్నెట్ ఉన్నది సర్వర్ దగ్గర కాదు, రౌటర్ దగ్గర. అందువల్ల డీహెచ్‌సీపీ-ఆప్షన్=ఆప్షన్:రౌటర్,192.168.10.1 అనే లైన్ తప్పనిసరి. ఇది మర్చిపోతే ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింట్లు వస్తాయి, ఇంటర్నెట్ మాత్రం రాదు. నెట్ కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు పోతాయి.

రౌటర్‌లో ముందే ఆన్‌లో ఉన్న డీహెచ్‌సీపీని ఆపేయడం అంతకన్నా ముఖ్యం. ఒకే ఊరికి ఇద్దరు పట్వారీలు కూర్చుని ఒకే భూమిని ఇద్దరిద్దరికి రాసిచ్చినట్టు అవుతుంది. కొందరికి రౌటర్ ముందు జవాబిస్తుంది, కొందరికి సర్వర్. "అన్నా, పొద్దున పనిచేసిన ప్రింటర్ ఇప్పుడు కనబడ్తలేదు" అనే ఫోన్ వస్తే నేను మొదట చూసేది ఇదే. కొత్త వైఫై బాక్స్ ఎవరైనా తెచ్చి గోడకు తగిలించారా అని కూడా అడగండి, అందులోనూ డీహెచ్‌సీపీ ఆన్‌లోనే వస్తుంది.

పేర్ల విషయానికొస్తే, ఆఫీసు లోపలి పేర్ల చివర డాట్ లోకల్ పెట్టకండి. అది 2013 నాటి ఆర్ఎఫ్‌సీ 6762 ప్రకారం, సర్వర్ లేకుండా మెషీన్లు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతికి కేటాయించిన పేరు. రెండూ కలిస్తే పేర్లు ఒకసారి దొరుకుతాయి, ఒకసారి దొరకవు. సొంత నెట్‌వర్క్‌ల కోసం డాట్ ఇంటర్నల్ అనే పేరును ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2024 జులైలో పక్కన పెట్టింది. కాబట్టి డొమైన్=మిల్.ఇంటర్నల్ అని రాయండి. ఆ పేర్ల కోసం బయట ఎవరినీ అడగకుండా లోకల్ అనే లైన్‌లోనూ అదే పేరు ఇవ్వండి.

సర్వర్ సేవలు వాడుకునే క్లయింట్ కంప్యూటర్లలో రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని వాళ్ల ఉద్దేశం. కానీ విండోస్ ఎప్పుడైనా రెండోదాన్ని అడగొచ్చు, దానికి మీ కాంటా కంప్యూటర్ పేరు తెలీదు. అంతే, ఫోల్డర్ దొరకదు. అందరికీ సర్వర్ ఒక్కటే డీఎన్ఎస్‌గా ఉండాలి. ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర ఏదో ఒక కంపెనీ పేరు పెట్టి ఉన్నా ఇదే ఇబ్బంది, దాన్ని ఆటోమేటిక్‌కు మార్చండి.

డీఎన్ఎస్‌మాస్క్ --టెస్ట్ పక్కన -సి (పెద్ద అక్షరం) తో మిల్.కాన్ఫ్ ఫైల్ దారి ఇచ్చి కొడితే రాతలో తప్పులుంటే చెబుతుంది. తర్వాత సర్వీస్‌ని రీస్టార్ట్ చేసి, ఒక విండోస్ మెషీన్‌లో ఎన్ఎస్‌లుకప్‌తో, ఒక ఫోన్‌లో బ్రౌజర్‌తో పేర్లు దొరుకుతున్నాయో లేదో చూడండి. ఇక్కడ మన ప్రశ్నకు జవాబు చాలా గట్టిది. ఎన్నో ఏళ్లు ఎక్కడ చూసినా నడిచిన ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వర్‌కి దాన్ని తయారు చేసినవాళ్లే 2022లో మద్దతు ఆపేశారు. దాన్ని తీసి వాళ్లదే కొత్త ప్రోగ్రామ్ కియా పెట్టుకున్నా, డీఎన్ఎస్‌మాస్క్ పెట్టుకున్నా క్లయింట్ కంప్యూటర్లలో ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోనక్కర్లేదు. 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2131 పద్ధతినే అందరూ పాటిస్తారు కాబట్టి అది సాధ్యం.

నాలుగో అడుగు: టైమ్

లారీ లోడుతో వచ్చినప్పుడు ఒక తూకం, ఖాళీ అయ్యాక ఇంకో తూకం. రెండింటి తేడానే వడ్ల బరువు. గేటు ఎంట్రీ ఒక కంప్యూటర్‌లో, తూకం ఇంకో కంప్యూటర్‌లో నమోదైతే, వాటి గడియారాల్లో తేడా ఉంటే లారీ గేటులోకి రాకముందే తూకం అయిపోయినట్టు రికార్డులో పడుతుంది. తర్వాత రైతుతో పంచాయితీ వచ్చినా, ఆడిట్‌లో ప్రశ్న వచ్చినా ఆ చిట్టీని ఎవరూ నమ్మరు. అందుకే టైమ్‌ని నేను చిన్న విషయంగా చూడను.

దీనికి నెట్‌వర్క్‌లో గడియారాలు కలిపే ఎన్‌టీపీ పద్ధతి ఉంది. డేవిడ్ మిల్స్ 1985లో మొదలుపెట్టినది, ఇప్పుడు వాడుతున్న నాలుగో వెర్షన్ 2010 నాటి ఆర్ఎఫ్‌సీ 5905. సర్వర్‌లో ఆ పని చేసే క్రోనీ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయండి. దాని సెట్టింగ్ ఫైల్‌లో పైనుంచి టైమ్ తెచ్చుకునే సర్వర్ల పేర్లు ఇవ్వాలి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ నడిపే సమయ్1.ఎన్ఐసీ.ఇన్, సమయ్2.ఎన్ఐసీ.ఇన్ ఉన్నాయి. కంపెనీలు తమ సిస్టమ్‌ల గడియారాలను ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్‌తో కలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు కూడా ఇచ్చింది. తర్వాత అలౌ 192.168.10.0/24 అని ఒక లైన్ రాస్తే ఆఫీసులోని మెషీన్లకు మన సర్వర్ టైమ్ ఇస్తుంది. లోకల్ స్ట్రాటమ్ 10 అనే లైన్ కూడా చేర్చండి. నెట్ రోజంతా పోయినా సర్వర్ తన గడియారంతోనే అందరికీ ఒకే టైమ్ చెబుతూ ఉంటుంది. టైమ్ జోన్‌ని టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆసియా/కోల్‌కతాగా పెట్టండి. క్రోనీసీ సోర్సెస్ అని కొడితే ఏదో ఒక సర్వర్ పక్కన నక్షత్రం గుర్తు కనబడాలి. అది ఉంటే కలిసినట్టు.

డీహెచ్‌సీపీ ద్వారా టైమ్ సర్వర్ అడ్రసు పంపే ఆప్షన్ ఉంది గానీ విండోస్ దాన్ని పట్టించుకోదు. కాబట్టి ఒక్కో విండోస్ మెషీన్‌లో ఇంటర్నెట్ టైమ్ సెట్టింగ్‌లోకి వెళ్లి సర్వర్ పేరు చేత్తో ఇవ్వాల్సిందే. కాంటా గదిలో పాత కంప్యూటర్ పొద్దున ఆన్ చేయగానే ఎప్పటిదో తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. అది మార్చకుండా ఎన్‌టీపీ మీద భారం వేయకండి.

ఐదో అడుగు: ఫైళ్లు

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. విండోస్ వాడే ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ, మైక్రోసాఫ్ట్ సొంతం. అది ఐఈటీఎఫ్ స్టాండర్డ్ కాదు. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను గమనిస్తూ, ఏ మాటకు ఏ జవాబు వస్తోందో చూసి, లినక్స్ వంటి సర్వర్లు అదే భాష మాట్లాడేలా చేసే సాంబా ప్రోగ్రామ్‌కు పునాది వేశాడు. మైక్రోసాఫ్ట్ మీద యూరోపియన్ కమిషన్ 2004లో ఇచ్చిన నిర్ణయాన్ని 2007లో కోర్టు సమర్థించాకే సాంబా బృందం చేతికి అసలు పత్రాలు వచ్చాయి. ఇప్పుడైతే ఆ పత్రాలు ఎవరైనా చదువుకోవచ్చు. ఆఫీసంతా విండోస్ ఉన్నప్పుడు దీన్ని వాడక తప్పదు. సాంబా ఉంది కాబట్టి సర్వర్ వైపు మన చేతులు కట్టేసి లేవు.

సాంబా ఇన్‌స్టాల్ చేసి, ఎస్ఆర్‌వీ ఫోల్డర్ కింద కాంటా, అకౌంట్స్, ఉమ్మడి అని మూడు ఫోల్డర్లు, అవే పేర్లతో మూడు గ్రూపులు పెట్టండి. ప్రతి మనిషికీ సొంత యూజర్ ఉండాలి. ముందు యాడ్‌యూజర్‌తో సర్వర్‌లో, తర్వాత ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ -ఎ తో సాంబాలో చేర్చండి. ఎస్ఎంబీ.కాన్ఫ్ ఫైల్‌లో ఒక్కో షేర్‌కు పాత్, రీడ్ ఓన్లీ=నో, వ్యాలిడ్ యూజర్స్ దగ్గర ముందు @ గుర్తుతో ఆ గ్రూపు పేరు, ఫోర్స్ గ్రూప్, క్రియేట్ మాస్క్=0660, డైరెక్టరీ మాస్క్=2770 రాయండి. చివరి రెండూ లేకపోతే ఒక గుమాస్తా చేసిన ఫైల్‌ని ఇంకో గుమాస్తా మార్చలేడు. వీఎఫ్ఎస్ ఆబ్జెక్ట్స్=రీసైకిల్ అనే లైన్ పెడితే పొరపాటున డిలీట్ చేసిన ఫైల్ ఆ షేర్‌లోనే ఒక పక్క ఫోల్డర్‌లో ఉంటుంది. టెస్ట్‌పార్మ్ కొట్టి తప్పులు లేవని చూసుకోండి.

పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచిపెట్టిన షేర్ పెట్టమని అడుగుతారు, ఒప్పుకోకండి. విండోస్ 11 ప్రో కొత్త వెర్షన్లు మామూలు సెట్టింగ్‌లో అలాంటి గెస్ట్ షేర్‌ని తెరవనే తెరవవు.

ఇంకో ఒత్తిడి వస్తుంది. కాంటా కంప్యూటర్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ ఉంటే దానికి ఎస్ఎంబీ మొదటి వెర్షన్ మాత్రమే తెలుసు. సాంబా 2019 నుంచి దాన్ని మామూలుగా ఆపేసి ఉంచుతోంది. "ఆ ఒక్కటి ఆన్ చేస్తే అయిపోతుంది కదా" అంటారు. చేయకండి. 2017 మేలో ప్రపంచమంతా ఆసుపత్రులను, ఆఫీసులను స్తంభింపజేసిన వన్నాక్రై వైరస్ పాకింది విండోస్‌లో ఆ మొదటి వెర్షన్‌లో ఉన్న లోపం ద్వారానే. కాంటా ఇండికేటర్ నుంచి వచ్చేది సాధారణంగా సీరియల్ కేబుల్‌లో సాదా అక్షరాల వరుస. ఆర్ఎస్-232 అనే ఆ పద్ధతి 1960 నాటి స్టాండర్డ్. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే ఇవాళ్టి కంప్యూటర్ కూడా ఆ అంకెలు చదువుతుంది. కాబట్టి మార్చాల్సింది కంప్యూటర్‌ని, సర్వర్ భద్రతని కాదు. కాంటా సాఫ్ట్‌వేర్ కొత్తది కొనేటప్పుడు రోజువారీ తూకాలను సీఎస్‌వీ ఫైల్‌గా (ఏ ప్రోగ్రామ్ అయినా చదవగలిగే సాదా పట్టికగా) తీసిచ్చే వీలుందా అని కొనకముందే అడిగి, మీ ఎదురుగా తీసి చూపించమనండి.

ఫైల్ లోపలి రాత గురించి కూడా ఒక మాట. డీటీపీ పాత ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు ఉత్తరాలు ఆ ఫాంట్ లేని మెషీన్‌లో పిచ్చి గీతల్లా కనబడతాయి, వెతికితే దొరకవు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ స్టాండర్డ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. రైతుల పేర్లు, ఊర్ల పేర్లు యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. ఫైల్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, సాంబాకు ఏ ఇబ్బందీ లేదు. ఒక్క హద్దు మాత్రం ఉంది. లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి క్ష ఒక్కటే తొమ్మిది బైట్లు. మొత్తం మీద 85 తెలుగు గుర్తులే పడతాయి. "2025 వానాకాలం" తర్వాత ఊరు, రైతు పేరు, లారీ నంబరు, వడ్ల రకం అన్నీ ఒకే ఫైల్ పేరులో కుక్కితే సేవ్ కాదు. ఊరికొక ఫోల్డర్ పెడితే తీరిపోతుంది.

ఆరో అడుగు: ప్రింటర్లు

ప్రింటింగ్‌కు ఐపీపీ అనే స్టాండర్డ్ ఉంది, దాని పోర్టు (సర్వర్‌లో ఆ సేవకు ఉండే తలుపు నంబరు) 631. సర్వర్‌లో ఆ భాష మాట్లాడే కప్స్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే చాలు. ప్రింటర్ కొనేటప్పుడు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ గానీ మోప్రియా గానీ రాసి ఉందేమో చూడండి. ఉంటే డ్రైవర్ సీడీ కోసం వెతుక్కునే పని లేదు, ఫోన్ నుంచి కూడా ప్రింట్ వస్తుంది. కాంటా గదిలో కార్బన్ కాపీలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌ని మాత్రం దాని కంప్యూటర్‌కే తగిలించి వదిలేయండి. నెట్‌వర్క్ పోయినా చిట్టీ ఆగకూడదు.

ఏడో అడుగు: తలుపులు, తాళాలు

సర్వర్‌ని ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి చూసుకోవచ్చు. ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం కీ తయారు చేసి సర్వర్‌లో పెట్టాక, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే దారి మూసేయండి. మూసే ముందు ఒక కిటికీలో లాగిన్ అయ్యే ఉండి, ఇంకో కిటికీలో కీతో వస్తోందని చూసుకున్నాకే మొదటిది వదలండి. రౌటర్‌లో పోర్టు 22ని (ఎస్ఎస్‌హెచ్) గానీ 445ని (ఎస్ఎంబీ) గానీ బయటి ఇంటర్నెట్‌కు తెరవొద్దు. సేటుకు ఇంటి నుంచి ఫైళ్లు కావాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి) పెట్టి దాని లోపలి నుంచి రమ్మనండి.

ఫైర్‌వాల్‌కు ఎన్ఎఫ్‌టేబుల్స్ ఉంది. లోపలికి వచ్చేవన్నీ ఆపి, మనం పెట్టిన సేవలకే, డేటా పంపే పద్ధతులు టీసీపీ, యూడీపీల వారీగా, దారి ఇవ్వాలి: 22, 445, 631 టీసీపీలో, 67, 123 యూడీపీలో, 53 రెండింటిలోనూ. డీఎన్ఎస్‌కు యూడీపీ ఒక్కటే చాలనుకుంటారు గానీ జవాబు పెద్దదైతే అది టీసీపీకి మారుతుంది. లూప్‌బ్యాక్‌కు (సర్వర్ తనతో తాను మాట్లాడుకునే దారికి), ముందే మొదలైన కనెక్షన్లకు, పింగ్‌కు కూడా దారి ఉండాలి.

పోర్టు 67 దగ్గర ఒక మెలిక ఉంది. మిగతావాటికి "192.168.10 నుంచి వస్తేనే" అని రాయొచ్చు. దీనికి అలా రాస్తే అడ్రసులు పంచడం ఆగిపోతుంది. అడ్రసు అడగడానికి వచ్చే కొత్త మెషీన్‌కు ఇంకా అడ్రసే లేదు, అది 0.0.0.0 పేరుతో అడుగుతుంది. కాబట్టి 67ని అడ్రసుతో కాకుండా నెట్‌వర్క్ కార్డు పేరుతో తెరవండి. ఈ తప్పు వెంటనే బయటపడదు. పాత మెషీన్లు తమ అడ్రసును నేరుగా సర్వర్ దగ్గర పొడిగించుకుంటూ నడుస్తాయి, కొత్తగా వచ్చిన ల్యాప్‌టాప్‌కే నెట్ రాదు. రూల్స్ రాశాక ఎన్ఎఫ్‌టీ -సి -ఎఫ్ తో ఫైల్‌ని సరిచూసి, సర్వర్ ముందు కూర్చునే అమలు చేయండి.

ఎనిమిదో అడుగు: కరెంటు, బ్యాకప్, మార్చి చూడటం

యూపీఎస్‌ని యూఎస్‌బీతో సర్వర్‌కు కలిపి నట్ అనే ప్రోగ్రామ్ పెట్టండి. బ్యాటరీ అడుగంటినప్పుడు సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. నట్ మాట్లాడే భాష కూడా 2022లో ఆర్ఎఫ్‌సీ 9271గా అచ్చయింది. కొనేముందు మీ యూపీఎస్ మోడల్ నట్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. యూపీఎస్ లైన్ మీద స్విచ్‌ను, రౌటర్‌ను కూడా పెట్టాలి, లేకపోతే సర్వర్ ఒక్కటే వెలుగుతూ ఉండి లాభం లేదు.

బ్యాకప్‌కు ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్ చాలు. రెండు యూఎస్‌బీ డిస్కులు తీసుకుని వారానికొకటి మార్చండి, ఒకటి ఎప్పుడూ మిల్లు బయట ఉండాలి. రెయిడ్ ఉంది కదా అని దీన్ని మానొద్దు. తప్పుగా డిలీట్ చేస్తే రెయిడ్ రెండు డిస్కుల్లోనూ శ్రద్ధగా డిలీట్ చేస్తుంది. ఎస్ఆర్‌వీ, ఈటీసీ ఫోల్డర్లు రెండూ కాపీ కావాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. సాంబా పాస్‌వర్డ్‌లు ఈటీసీలో ఉండవు, వీఏఆర్ కింద లిబ్‌లో సాంబా ఫోల్డర్‌లోని ప్రైవేట్‌లో ఉంటాయి. వాటిని టీడీబీబ్యాకప్ కమాండ్‌తో తీసి చేర్చండి. ఆర్‌సింక్‌కు న్యూమరిక్-ఐడీస్ ఆప్షన్ ఇవ్వండి, అప్పుడు ఏ ఫైల్ ఎవరిదో కొత్త మెషీన్‌లో తారుమారు కాదు.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్నను మొత్తం సర్వర్‌కే వేయండి. వానాకాలం, యాసంగి సీజన్ల మధ్య పని పలచగా ఉండే ఒక ఆదివారం చూసుకుని, వేరే కంపెనీ పాత కంప్యూటర్‌లో డెబియన్ వేసి, అవే ప్యాకేజీలు ఎక్కించండి. బ్యాకప్ డిస్కు నుంచి సెట్టింగ్ ఫైళ్లు, యూజర్లు, గ్రూపులు, షేర్లు, సాంబా పాస్‌వర్డ్‌లు తెచ్చి పెట్టండి. నెట్‌వర్క్ కార్డు పేరు కొత్తదానిలో వేరుగా ఉంటుంది కాబట్టి ఇంటర్‌ఫేసెస్, డీఎన్ఎస్‌మాస్క్, ఎన్ఎఫ్‌టేబుల్స్ ఫైళ్లలో అది మార్చాలి. అసలు సర్వర్ కేబుల్ పీకి, కొత్తదానికి 192.168.10.2 ఇచ్చి తగిలించండి. తర్వాత కాంటా గదిలో కంప్యూటర్ రీస్టార్ట్ చేసి చూడండి: అడ్రసు వచ్చిందా, టైమ్ కలిసిందా, కాంటా ఫోల్డర్ పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుందా, అకౌంట్స్ ప్రింటర్‌కు పేజీ వెళ్లిందా. ఎక్కడ ఆగితే అక్కడ ఏం చేశారో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని సర్వర్ క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి. అయ్యాక కొత్తదాన్ని తీసేసి పాత సర్వర్ కేబుల్ తిరిగి పెట్టండి. రెండూ ఒకేసారి నెట్‌వర్క్‌లో ఉండకూడదు.